బడితోటకు నీళ్లివ్వండి

జిల్లా విద్యాశాఖాధికారి గారికి,

మొన్న ఆదివారం మా ఊరి సర్కారు బడి ఆవరణలో తల్లులు గారెలు, పులిహోర, సకినాలు, సర్వపిండి చేసి అమ్మారు. సర్వపిండి పొయ్యి మీంచి దిగీ దిగకముందే అయిపోయింది. వచ్చిన ప్రతి రూపాయీ పిల్లల కూరగాయల తోటకే: విత్తనాలకు, పశువుల ఎరువుకు, మేకలు చొరబడకుండా కంచెకు. ఇంట్లో పాలకూర ముట్టని పిల్లలు తాము పెంచిన పాలకూర పప్పును మధ్యాహ్న భోజనంలో మారు అడిగి వడ్డించుకుంటున్నారండీ.

ఊరు చేయలేనిది ఒక్కటే, నీళ్లు. వేసవి సెలవులకు బడికి తాళం పడగానే మోటారు ఆగిపోతుంది. జూన్‌లో పిల్లలొచ్చేసరికి మునగ చెట్టు తప్ప ఏదీ మిగలదు. 2021లో మధ్యాహ్న భోజన పథకాన్ని పీఎం పోషణ్‌గా మార్చినప్పుడు బడితోటలను ప్రోత్సహిస్తామని కేంద్రమే చెప్పింది. కాబట్టి సెలవుల్లోనూ మోటారు నడిపే అనుమతి ఇవ్వండి. బడిలో వంట చేసే అక్కలు ఊళ్లోనే ఉంటారు. తోట తడిపే పని వారిలో ఒకరికి అప్పగించి, కూలి ఇప్పించండి. ఊరికే చేయమని మాత్రం అడగొద్దు. ఇప్పటికే వాళ్ల కష్టానికి దక్కేది చాలా తక్కువ.

ఏప్రిల్‌లో బడి మూసేలోపే ఉత్తర్వు అందితే ఈసారి వంగ, బెండ మొక్కలు దక్కుతాయి.

ఇట్లు,
పిల్లల తల్లిదండ్రుల తరఫున ఒక తల్లి