ఇల్లు సర్దుకుందాం, పొరుగింటికి చేయందిద్దాం



మా ఇంటి అటక మీద ఒక పాత బిస్కెట్ల డబ్బా ఉండేది. వాడగా మిగిలిన మాత్రలన్నీ అందులో దాచేదాన్ని. పారేయడానికి మనసొప్పేది కాదు. మాది అరకు లోయలో కొండ మీది ఊరు. ఆటో ఎక్కాలంటే గెడ్డ దాటి రోడ్డు దాకా నడవాలి. సంత వారానికి ఒక్కసారే. అందుకే మన ఇళ్లలో చేతికి వచ్చిన వస్తువును దాచుకోవడం పిసినారితనం కాదు, ముందుచూపు. కాని ఆ డబ్బా వల్ల నేను చేసిన తప్పు ఒకటి ఉంది. ముందు అది చెప్పి, తర్వాత నా అభిప్రాయం చెబుతాను.

కొన్నేళ్ల క్రితం నాకు మలేరియా వచ్చింది. రక్తం పరీక్ష చేసి, పద్నాలుగు రోజులు వాడమని మాత్రలు ఇచ్చారు. నాలుగో రోజుకు జ్వరం తగ్గింది. పొలం పనుల హడావిడిలో మాత్రలు మానేశాను. మిగిలినవి డబ్బాలో వేశాను. ఆ వానాకాలంలోనే పక్కింటి చెల్లెలికి చలి జ్వరం పట్టుకుంది. నాకూ ఇదే వచ్చింది కదా అని, ఆ మాత్రలూ రెండు జ్వరం బిళ్లలూ ఆమె చేతిలో పెట్టాను. సాయం చేశాననే తృప్తితో ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

రెండు రోజులు ఆమెకు నెమ్మదించినట్టే ఉంది. మూడో రోజు తెల్లవారేసరికి మాట తడబడింది, మనుషులను గుర్తుపట్టలేదు. మగవాళ్లు డోలీ కట్టి రోడ్డు దాకా మోసుకొచ్చారు. పరీక్షలో తేలింది, ఆమెకు వచ్చినది మెదడుకు కూడా సోకే ఫాల్సిపారం మలేరియా అని. నాకు వచ్చినది వైవాక్స్ రకం. నేనిచ్చిన మాత్రలు కాలేయంలో దాగిన వైవాక్స్ క్రిమి కోసం ఇచ్చినవి. ఆమె రక్తంలో పెరుగుతున్న క్రిమిని అవి ఆపలేవు. జ్వరం బిళ్ల వేడిని తగ్గించింది, జబ్బును కప్పిపెట్టింది. దేవుని దయవల్ల ఆమె బతికింది. ఇంటికి వచ్చాక నన్ను ఒక్క మాట కూడా నిందించలేదు. "మాత్రలెందుకు అక్కా, ఆ రోజు నువ్వు నాతో ఆస్పత్రికి వచ్చి ఉంటే చాలును" అంది. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

ఇంకో సంగతి తర్వాత తెలిసింది. ఆ పద్నాలుగు రోజుల మాత్ర పేరు ప్రైమాక్విన్. గర్భిణులకు దాన్ని ఇవ్వకూడదు. పుట్టుకతో కొందరి రక్తంలో ఉండే ఒక లోపం వల్ల వారికి ఆ మాత్ర పడదు, ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. అలాంటి మాత్రను నేను తమలపాకు ఇచ్చినంత సులువుగా ఇచ్చేశాను.

నా అభిప్రాయం ఇదీ. ఇల్లు సర్దుకోవడం అందం కోసమనీ, చుట్టాలు వచ్చినప్పుడో క్రిస్మస్‌కు సున్నం వేసేటప్పుడో చేసే పని అనీ మనం అనుకుంటున్నాం. అది ఆరోగ్యం పని. రెండోది, అది ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. నాట్లకూ కోతలకూ ఒకరికొకరం సాయం వెళ్తాం. ఇల్లు సర్దడానికి మాత్రం "ఎవరింటి సంగతి వారిది" అంటాం. ఈ తేడా ఎందుకు?

దోమల మందు కొట్టే రోజునే తీసుకోండి. మలేరియాను దోమ మోస్తుందని రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనుగొన్నది మన సికింద్రాబాదులోనే. మన కొండల్లో మలేరియా దోమ మురికి గుంటల్లోనే పుట్టదు. మెల్లగా పారే తేట గెడ్డ అంచుల్లో కూడా పుడుతుంది. గెడ్డను మనం ఖాళీ చేయలేం. కాని ఆ దోమ రాత్రి మనల్ని కుట్టి, రక్తం తాగిన బరువుతో గోడ మీద వాలుతుంది. అందుకే గోడలకు మందు కొడతారు. గోడకు ఆనించి ధాన్యం బస్తాలు, కట్టెలు, ట్రంకు పెట్టెలు ఉంటే ఆ వెనకకు మందు అందదు. ఇంట్లో ఒంటరి ముసలమ్మ ఉంటే ఆ సామాను ఎవరు బయట పెడతారు? "మా ఇంటికి వద్దు నాయనా" అని ఆమె పంపేస్తుంది. తప్పు ఆమెది కాదు, పక్కింట్లో ఉండి పలకని మనది. మందు కొట్టాక రెండు మూడు నెలలు గోడలు అలకకూడదు. పండుగ వస్తోందని అలికేస్తే మందు మట్టి కింద పడిపోతుంది.

డెంగీ దోమ సంగతి వేరు. అది పగలు కుడుతుంది, మన పెరట్లోనే పుడుతుంది. పాత టైరు, పగిలిన కుండ, కొబ్బరి చిప్ప, పర్యాటకులు రోడ్డు పక్కన పడేసిన ప్లాస్టిక్ కప్పు, ఏదైనా దానికి చాలు. వాన నీరు నిలిస్తే వారం పది రోజుల్లో గుడ్డు దోమ అవుతుంది. గుడ్లు నీరు ఎండినా నెలల తరబడి బతికి ఉంటాయి. కనుక నీళ్ల తొట్టిని వారానికోసారి ఒలకబోస్తే సరిపోదు, లోపలి అంచులు పీచుతో రుద్దాలి.

పట్నంలో "ఏడాదిగా వాడని వస్తువు పారేయండి" అంటారు. ఆ మాట మనకు పనికిరాదు. పాత గోనె రేపు కాఫీ గింజలు ఎండబెట్టడానికి పనికొస్తుంది. పగిలిన కుండలో కోడి పొదుగుతుంది. పారేయమని నేను అనను. ఈ నాలుగు పనులు చేద్దామంటాను:

1. దాచుకునే కుండలు, డబ్బాలు బోర్లించి పెట్టండి. టైర్లను కప్పు కింద ఉంచండి.

2. కట్టెల మోపు పడకకు దూరంగా ఉండాలి. ఎలుకలు చేరితే వాటి కోసం కట్లపాము వస్తుంది. అది రాత్రి నేల మీద పడుకున్నవారిని కాటేస్తుంది, నొప్పి కూడా తెలియకపోవచ్చు.

3. మందుల డబ్బా దించండి. మొదలుపెట్టిన కోర్సు పూర్తి చేయండి. మిగిలినవి, గడువు దాటినవి ఆశా కార్యకర్తకో ఆస్పత్రి మందుల గదికో చూపించి అడగండి. ఎవరికీ పంచవద్దు.

4. పెట్టెలో మడతపెట్టిన దోమతెర బయటికి తీసి కట్టండి. అది కూరపాదుకూ చేపలకూ కాదు. ఉతికితే నీడన ఆరేయండి. ఆ నీరు గెడ్డలో కలపవద్దు, చేపలకు విషం.

ఇక సాయం మాట. స్నేహితులకు వస్తువు ఇవ్వడం సులువు, సమయం ఇవ్వడం కష్టం. అసలు కావలసింది సమయమే. సంతకు వెళ్తూ పక్కింటి బాలింతను "ఏమైనా తేవాలా?" అని అడగడం. డి.ఆర్. డిపోకు వెళ్లినప్పుడు నడవలేని తాతను వెంటబెట్టుకుని వెళ్లడం, లేదా ఆయన బరువు మోసుకురావడం. చదువు రాని వదినకు మాత్రల చీటీ చదివి, ఏది పొద్దున, ఏది రాత్రి అని చెప్పడం. జ్వరం వచ్చినవారితో ఆ రోజే రక్తపరీక్షకు నడవడం. ఆశా కార్యకర్త దగ్గర వేలి చుక్కతో చేసే పరీక్ష పావుగంట ఇరవై నిమిషాల్లో తేలిపోతుంది. ఈ చిన్న పనులకు ఖర్చు లేదు.

సంఘంలోని యవ్వనస్థులకూ స్త్రీల సమాజానికీ నా మనవి. వానలకు ముందు ఒక శనివారం పెట్టుకోండి. ఊరిలో ఒంటరివారి ఇళ్లు, రోగుల ఇళ్లు ఎన్నో లెక్క వేయండి. మందు కొట్టే రోజు ఎప్పుడో ముందే కనుక్కుని ఇద్దరిద్దరుగా వెళ్లి సామాను బయట పెట్టండి, సాయంత్రం తిరిగి సర్దండి. ఆ ఇల్లు ఏ కులానిదో, ఏ తెగదో, ఏ గుడికి వెళ్లేవారిదో అడగవద్దు. దోమ అడగదు.

మా అటక మీద ఇప్పుడు ఆ డబ్బా లేదు. పక్కింటి చెల్లెలికి ఈ మధ్య మళ్లీ ఒళ్లు వెచ్చబడితే గోడ మీదుగా నన్ను పిలిచింది. నేను చెప్పులు వేసుకుని బయలుదేరాను. ఇద్దరం కలిసే వెళ్లి వచ్చాం. మలేరియా కాదు, జలుబు జ్వరమే. నడక దండగ అని మాత్రం ఇద్దరిలో ఎవరమూ అనుకోలేదు.