ఒడ్డుకి రాని లెక్కలు

సాహిత్యం చదువుకున్నదానివి, బడ్జెట్‌తో నీకేం పని అని అడుగుతుంటారు. బడ్జెట్ కూడా ఒక రచనే. అందులో ఎవరు కర్త, ఎవరి పేరు అసలు లేదు అన్నది వెతకటం నేను సాహిత్యంలోనే నేర్చుకున్నాను.

పన్ను ఎవరి దగ్గర తీసుకోవాలి, ఎవరి మీద ఖర్చుపెట్టాలి అన్నదే కోశ విధానం. మనలాంటి పేద, మధ్యతరగతి దేశాల్లో అసమానతలు తగ్గించే సాధనం అదేనని పాఠ్యపుస్తకాలు చెప్తాయి. ఆ మాటని విశాఖపట్నం జాలరిపేటలో నిలబెట్టి చూద్దాం.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట నిషేధం. ఆ కాలానికి రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే భృతి 2019లో 4 వేల నుంచి 10 వేలకి, 2025లో 20 వేల రూపాయలకి పెరిగింది. పెంచటం న్యాయమే. రోజుకి లెక్కేస్తే ఇప్పటికీ 328 రూపాయలే. కానీ అది పడవెక్కి వేటకి వెళ్ళేవాళ్ళకి. తెల్లారకముందే హార్బరుకి వెళ్ళి, పాటలో చేపలు కొని, ఐసు వేసి, బేసిను నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగే ఆమెకి? ఆ రెండు నెలలూ సరుకు తగ్గిపోతుంది, ఉన్న సరుకు ప్రియమవుతుంది. చేపలకి విశ్రాంతినిచ్చిన చట్టం ఆమె బేరాన్నీ ఆపింది. భృతి మాత్రం ఆమె దాకా రాలేదు.

'ఆ డబ్బు అదే ఇంటికి వస్తుంది కదా' అంటారు. ఇల్లు ఒకటే కావచ్చు, జేబులు వేరు. ఇంటికొచ్చిన డబ్బులో ఎంత పొయ్యి దాకా వస్తుందో ఆడవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. అయినా, భర్త పోయి, పడవ మీద కొడుకూ లేక, చేపలమ్ముకునే బతికే ఆమె ఏ ఇంటి లెక్కలోకి వస్తుంది?

పడవ డీజిలుకి లీటరుకి 9 రూపాయల రాయితీ ఇస్తామన్నారు. అదే చేపల్ని ఊళ్ళోకి తెచ్చే డీజిలు ఆటో మాత్రం 22.25 శాతం వ్యాటు, ఆపైన లీటరుకి 4 రూపాయలు కట్టాలి. ఆ భారం కిరాయిలో కలిసి ఆమె మీదే పడుతుంది. పచ్చి చేప మీద జీఎస్టీ లేదు. ఆ చేప కుళ్ళకుండా కాపాడే ఐసు మీద 5 శాతం ఉంది. 2023 నవంబరు 19 రాత్రి ఫిషింగ్ హార్బరులో పడవలు తగలబడితే పడవ విలువలో 80 శాతం పరిహారం ప్రకటించారు. ఇవ్వాల్సిందే. పడవకి విలువ కట్టటం తెలిసిన ప్రభుత్వానికి, ఆ పడవ తెచ్చే సరుకు మీద బతికే మనిషి పోగొట్టుకున్న రోజులకి విలువ కట్టటం తెలియదా?

ఆడవాళ్ళకి ఏమీ ఇవ్వలేదని నేననను. 2020లో వచ్చిన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో జనరల్ వర్గం వాళ్ళకి 40 శాతం సబ్సిడీ ఉంటే స్త్రీలకి 60 శాతం ఉంది. మిగతా 40 శాతం ఆమే తేవాలి. రోజు పెట్టుబడికే వడ్డీకి తెచ్చుకునే ఆమె ఎక్కడినుంచి తెస్తుంది? 2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలో ఆడవాళ్ళకి ఉచిత బస్సు వచ్చింది. మంచి ఖర్చు. అయితే చేపల బేసినుతో బస్సెక్కటం ఎంత సులువో ఆ బేసిను మోసేవాళ్ళనే అడగండి. టికెట్టు మాఫీ చేయటం తేలిక, ఆమె సరుకుకి చోటివ్వటమే కష్టం.

కేంద్రం 2005-06 నుంచి జెండర్ బడ్జెట్ ప్రకటన ఇస్తోంది. అందులో వరసలు పెరిగితే చాలదు. వేట ఒడ్డున ముగిసిపోదని, చేప అమ్ముడుపోయేదాకా అది సాగుతుందని బడ్జెట్ ముందు ఒప్పుకోవాలి. చేపలమ్మే, ఎండబెట్టే స్త్రీలని వాళ్ళ పేర్లతోనే మత్స్యకారులుగా నమోదు చేయాలి. నిషేధకాలపు భృతి నేరుగా వాళ్ళ ఖాతాల్లో వేయాలి. హార్బరుకి ఖర్చుపెట్టే ప్రతి కోటిలో నీడకి, నీళ్ళకి, మరుగుదొడ్డికి, చేపలు తీసుకెళ్ళే బండికి ఎంతో విడిగా చూపించాలి.

ఇది దయ కోసం పెట్టుకున్న అర్జీ కాదు. ఐసు ముక్క మీద పన్ను వసూలు చేసేటప్పుడు కనిపించిన మనిషి, భృతి పంచేటప్పుడు కూడా కనిపించాలి.