యౌవనస్థుల పరిచర్య ఎక్కడ మొదలుపెట్టాలి?



ఈ మధ్య మార్కాపురం, కంభం, గిద్దలూరు వైపు ఏ సంఘానికి వెళ్లినా పెద్దలు మమ్ములను అడిగేది ఒకటే: “మా యౌవనస్థులు నిలబడడం లేదు, ఏమి చేయమంటారు అయ్యగారూ?” జవాబు కూడా వారే చెప్తారు. సెల్‌ఫోన్ చెడగొట్టింది, స్నేహాలు చెడగొట్టాయి. ఆ తరువాత, పెద్ద యూత్ మీటింగ్ పెడదామంటారు. షామియానా, సౌండ్ సిస్టమ్, హైదరాబాదు నుండి ప్రసంగీకుడు, చివరి రాత్రి బిర్యానీ. నాలుగో రోజు షామియానా విప్పుతారు, కుర్రవాళ్లు ఎవరి దారిన వారు పోతారు. మీటింగులు వద్దని మేము అనము, వాటిలో రక్షింపబడినవారు ఉన్నారు. కాని మూడు రాత్రులతో పరిచర్య కట్టబడదు.

మన సంఘాల్లో జరుగుతున్నది చూడండి. పదో తరగతి వరకు సండే స్కూల్ ఉంది, వి.బి.ఎస్. ఉంది, కంఠత వాక్యాలకు బహుమతులున్నాయి. స్త్రీలకు స్త్రీల కూడిక ఉంది. పెద్దవారికి కమిటీ ఉంది. పద్దెనిమిదికీ ముప్పైకీ మధ్య ఉన్నవారికి ఏముంది? కుర్చీలు వేయడం, మైకు సరిచేయడం, క్రిస్మస్‌కు స్టార్ కట్టడం. పిలిస్తే వస్తారు, చేస్తారు. సంఘంలో ఒక్క నిర్ణయమైనా వారిని అడిగి చేశామా?

మన ప్రాంతపు సంఘ చరిత్ర ఇలా మొదలుకాలేదు. జాన్ క్లౌ దొరగారు 1866లో ఒంగోలు వచ్చేనాటికి ఆయనకు ముప్పై ఏళ్లు. 1876-78 కరువులో జనం ఆకలితో చస్తుంటే ఆయన గంజి పోసి ఊరుకోలేదు. బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో ఒక భాగం కాంట్రాక్టు తీసుకొని పని చూపించారు, కూలి ఇచ్చారు. అన్నం కోసం మతం పుచ్చుకున్నారన్న మాట రాకుండా కరువు రోజుల్లో బాప్తిస్మములు ఆపివేశారు. తరువాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మము పొందారు. మన నల్లమలలో పుట్టి, మన కంభం మీదుగా దిగే ఏరే అది. ఆ రోజు బాప్తిస్మములు ఇచ్చింది తెలుగు బోధకులు. ఆరుగురు, ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా నీళ్లలో దిగారు. బోధకులను తయారుచేసి, పని వారి చేతిలో పెట్టడం వల్లనే ఆ పని నిలిచింది. దాదాపు నూట యాభై ఏళ్ల తరువాత మనము సొంత బిడ్డల చేతికి కానుకల లెక్క పుస్తకం ఇవ్వడానికి జంకుతున్నాము.

“వాళ్లకు అనుభవం లేదు, తప్పులు చేస్తారు” అంటారు. చేస్తారు. పక్కన ఒక పెద్ద కూర్చుంటే దిద్దుకుంటారు. పౌలు తిమోతికి ఎఫెసు సంఘాన్ని అప్పగించినప్పుడు అతని యౌవనాన్ని చిన్నచూపు చూసేవారు అక్కడ కూడా ఉన్నారు. అందుకే ఆ సంగతి పత్రికలో ప్రత్యేకంగా రాయవలసి వచ్చింది.

ఇంకొక సంగతి ఉంది, మనకు అన్నిటికన్నా పెద్దది అదే. వానలు లేవు, బోర్లు ఎండిపోయాయి, పలకల పని మునుపటిలా లేదు. డిగ్రీ చదివినవాడు, చదవనివాడు ఇద్దరూ బస్సెక్కి హైదరాబాదుకో బెంగళూరుకో పోతున్నారు. అక్కడ ఒక గదిలో ఐదారుగురు. ఆదివారం బట్టలు ఉతుక్కోవడానికి, నిద్రపోవడానికి. 1844లో లండన్‌లో వై.ఎం.సి.ఏ. పుట్టింది సరిగ్గా ఇలాంటివారి మధ్యనే. పల్లెలో రైతు ఇంట పుట్టి పట్నంలో బట్టల కొట్టులో పనికి కుదిరిన జార్జి విలియమ్స్, ఇరవై రెండేళ్లవాడు, పదకొండుమందిని పోగుచేసి ప్రార్థన, వాక్య పఠనం మొదలుపెట్టాడు. షామియానా లేదు. పని ముగిశాక కలుసుకునే తోటివారు ఉన్నారు, అంతే.

కాబట్టి మా మాట ఇది. వారానికి ఒక సాయంత్రం, పది మందైనా చాలు, కూర్చోండి. పాస్టరు ఒక్కడే గంటసేపు మాట్లాడకూడదు. త్రోయలో పౌలంతటివాడు ప్రసంగిస్తుంటే ఐతుకు కిటికీలోంచి నిద్రలో పడిపోయాడు, మేమెంత! వారినే మాట్లాడనివ్వండి. గ్రూప్స్ పరీక్ష నాలుగోసారి పోయినవాడు, లోన్ యాప్‌లో ఇరుక్కున్నవాడు, ఇంట్లో చెప్పలేని ప్రేమ ఉన్న అమ్మాయి, తండ్రి తాగుడుతో విసిగిన బిడ్డ, ఇవి వినకుండా వాక్యము ఎక్కడ అన్వయిస్తాము? అమ్మాయిలు చీకటిపడకముందే ఇంటికి చేరేటట్టు సమయం పెట్టండి, పెద్ద అక్కలు ఇద్దరు తోడుండాలి. రాత్రి ఎనిమిదికి పెట్టి, అమ్మాయిలు రావడం లేదని అనకండి.

కమిటీలో ఇద్దరు యౌవనస్థులకు, వారిలో ఒక అమ్మాయికి, చోటివ్వండి. వారికి ఓటు కూడా ఉండాలి. సండే స్కూల్ లెక్క, వైద్య సహాయ నిధి లెక్క వారికి అప్పగించి నెలకొకసారి సంఘం ముందు చదివించండి.

మా సంఘంలోని తల్లిదండ్రులకు ఒక మనవి. హైదరాబాదులో, బెంగళూరులో, గుంటూరులో ఉన్న మీ పిల్లల పేర్లు, వారు ఉండే ఏరియా ఒక కాగితం మీద రాసి వచ్చే ఆదివారం ఆరాధనకు తీసుకురండి. వారికి దగ్గరలో ఉన్న సంఘపు పాస్టరుగారితో మేము మాట్లాడతాము. పండుగకు వారు ఊరికి వచ్చినప్పుడు, ఉద్యోగం వచ్చిందా, పెళ్లెప్పుడు అని గుమ్మంలోనే అడగకండి.