పత్తర్‌గట్టిలో లారీ ఎవరి దారికి అడ్డం?

పాతబస్తీలో లారీల పార్కింగ్ మీద చర్చ జరిగినప్పుడల్లా రెండు గొంతులే వినిపిస్తాయి. చార్మినార్‌కు దారి లేదనేవాళ్లది ఒకటి, సరుకు ఎలా దించుకోవాలనే వ్యాపారులది ఇంకొకటి. లారీ పక్కన ఊడ్చే మనిషి, దాన్నుంచి మూట మోసే మనిషి, అది ఆగగానే తోపుడుబండి జరుపుకునే మనిషి ఆ చర్చలో ఉండరు. మేము వాళ్ల వైపు నుంచే మాట్లాడుతున్నాం.

1908 మూసీ వరద తర్వాత, 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పత్తర్‌గట్టిని తీర్చిదిద్దింది. రెండు వైపులా రాతి కమానులు, వాటి కింద నడిచేవాళ్లకు నీడ, మధ్యలో బండ్లకు దారి. సరుకు లారీ ఆ లెక్కలో లేదు. బట్టల టోకు వ్యాపారానికి ఇక్కడ చోటు ఖరీదు, రోడ్డు మాత్రం ఉచితం. గంటలో ఖాళీ కావాల్సిన లారీ పూటంతా నిలబడిందంటే అది పార్కింగ్ కాదు, అద్దె కట్టని గోదాము.

చట్టం ఏమంటుంది? మోటారు వాహనాల చట్టం, 1988లోని 122వ సెక్షన్ ప్రకారం ప్రమాదమో అడ్డంకో కలిగేలా బహిరంగ స్థలంలో వాహనం నిలపకూడదు. బాధ్యత బండి ఎవరి చేతిలో ఉంటే వాళ్లది. చలానా బండి నంబరు మీద పడుతుంది. సరుకు ఎవరిది, దించడం ఎందుకు ఆలస్యమైందని ఎవరూ అడగరు. అదే చట్టంలో 117వ సెక్షన్ ఉంది. బండ్లు ఎక్కడ ఆగాలో స్థానిక సంస్థతో సంప్రదించి నిర్ణయించే అధికారం ప్రభుత్వానికి అది ఇస్తుంది. జరిమానా రాయడం సులువు, చోటు చూపించడం కష్టం. మొదటిదే ఎక్కువ జరుగుతుంది.

జీహెచ్‌ఎంసీ పారిశుద్ధ్య కార్మికుల్లో దళిత మహిళలే ఎక్కువ. రోడ్డు అంచున లారీ ఉంటే తెల్లవారుజామున ఊడ్చే ఆమె నడిరోడ్డు మీదికి రావాలి. వెనకనుంచి వచ్చే బండికి ఆమె కనిపించదు. లారీ కింద చెత్త మిగిలితే మాట పడేదీ ఆమెకే. ఇది ట్రాఫిక్ సమస్యా, పని భద్రత సమస్యా? మా దృష్టిలో రెండోదే ముందు.

ఇక తోపుడుబండ్లు. ‘ఆక్రమణల తొలగింపు’ అనగానే మొదట కదిలేది చేత్తో నెట్టగలిగినదే కదా! వీధి వ్యాపారుల చట్టం, 2014 మాత్రం సర్వే పూర్తయి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదంటుంది. టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులు ఎన్నించుకున్నవాళ్లే ఉండాలి, వాళ్లలో మూడోవంతు మహిళలు, ఎస్సీ, ఎస్టీలకు తగిన ప్రాతినిధ్యం. లారీల వేళలు నిర్ణయించేటప్పుడు ఈ కమిటీని ఎందుకు పిలవరు?

లారీలను ఊరి బయటే ఆపాలని మంగళ్‌పల్లి, బాటసింగారం దగ్గర లాజిస్టిక్ పార్కులు కట్టారు. రెండూ ఔటర్ రింగ్ రోడ్డు పక్కనే. ఆలోచన మంచిదే. కానీ అక్కడ దించి చిన్న బండ్లకు ఎక్కించే కూలి ఎవరు భరించాలి? లారీని అఫ్జల్‌గంజ్‌లోనే ఆపేస్తే, మూటకు ఇంత అని కూలి తీసుకునే హమాలీ అదే రేటుకు ఎక్కువ దూరం మోస్తాడు. పెద్ద రోడ్డు మీద ఆపనివ్వకపోతే లారీ మాయం కాదు, పక్క గల్లీలో ఎవరి గుమ్మం ముందో నిలబడుతుంది.

దారి మనకు కొత్త ప్రశ్న కాదు. 1924లో వైకోంలో సత్యాగ్రహం జరిగింది గుడి చుట్టూ ఉన్న రోడ్ల మీద నడిచే హక్కు కోసమే. అక్కడ అడ్డం కులం కట్టిన గీత. ఇక్కడ గీత లేదు, కానీ పక్కకు తప్పుకోవాల్సింది ఎవరో మారలేదు.

పత్తర్‌గట్టి దుకాణాలకు ట్రేడ్ లైసెన్సు ఇచ్చేది జీహెచ్‌ఎంసీయే. సరుకు దించే వేళ, దించే చోటు, హమాలీకి దూరాన్ని బట్టి కూలి ఆ లైసెన్సు షరతుల్లో రాయించాలని అడుగుదాం. అప్పుడు నోటీసు డ్రైవర్‌కు కాదు, దుకాణానికి వెళ్తుంది. ఆ షరతులు రాసేరోజు హమాలీలు, ఊడ్చే మహిళలు, బండ్లవాళ్లు ఆ గదిలో ఉండాలి. లైసెన్సు ఏటా రెన్యువల్ అవుతుంది కాబట్టి కొత్త చట్టం కోసం ఎదురుచూడాల్సిన పని లేదు.