మెరుగా? ముసుగా?

కర్రకు రంగు పూయుట వేరు, మెరుగు పెట్టుట వేరు. రంగు కర్రను కప్పును. మెరుగు కర్రను చూపును. ఈ భేదమును గ్రహింపకపోవుటచే మన యిండ్లలోని మంచి తలుపులు, బల్లలు, పెట్టెలు తమ సొగసును కోల్పోవుచున్నవి. చేవగల కర్ర చేతనున్నప్పుడు దాని చారలను వెలికి తెచ్చుటయే పనివాని ధర్మమని నా యభిప్రాయము.

సంగారెడ్డి జిల్లాలోని కాజీపల్లిని చూడుడు. ఒకవైపు కర్మాగారములు, వేరొకవైపు రక్షితారణ్యము. ఆ ప్రాంతమున నానాటికి క్రొత్త యిండ్లు లేచుచున్నవి. ఇట్టి క్రొత్త యిండ్లలోని బీరువాలకు నేడు తరచుగా కర్రపొట్టును జిగురుతో అదిమి చేసిన పలకలను వాడుదురు. వాటిపై అతికించు రేకు మీద టేకు చారలు అచ్చు వేయబడి యుండును. ఆ పలకలను నేను నిందింపను. అవి చౌకగా లభించును. సామాన్యునకు అక్కరకు వచ్చును. నా చింత వేరొకటి. నిజమైన టేకు తలుపు గల పాత యింటివారు సైతము దానిపై దట్టమైన రంగు పూయించుచున్నారు. లేదా అచ్చు రేకు నంటించుచున్నారు. అసలు చేత నుండగా నకలుతో దానిని కప్పుట ఏమి వివేకము?

చార యనగా నేమి? అది చెట్టు తన జీవితమును తానే వ్రాసికొనిన లెక్క. టేకు మ్రానులో పెరుగుదల మొదలైన ఋతువున ఏర్పడిన కర్రలో రంధ్రములు పెద్దవిగను, ఆ పిమ్మట ఏర్పడిన కర్రలో చిన్నవిగను ఉండును. అందుచే వలయములు స్పష్టముగా గోచరించును. ఆ వలయములను ఒరసికొనుచు పలకను కోసినచో కొండ శిఖరములవంటి చారలు వచ్చును. నడిబొడ్డు నుండి అంచువైపునకు కోసినచో నిటారు గీతలు వచ్చును. కొన్ని చెట్లలో నారయే అలలుగా సాగును. అట్టి పలక చేతికి నునుపుగా తగిలినను, కంటికి నీటి తరగలవలె తోచును. నార వాలు మారిన చోటనెల్ల వెలుగు వేరుగా ప్రతిఫలించుటయే దీనికి కారణము. మన శేషాచల పర్వతములలో పెరుగు ఎర్రచందనమున ఇట్టి అలల నార గల దుంగలకు విలువ మిక్కుటము. జపాను దేశీయులు శామిసెన్ అను తంత్రీవాద్యమును చేయుటకు ఎర్రచందనమును వాడుదురు. అంతరించిపోవు ప్రమాదము గల జాతుల వ్యాపారమును నియంత్రించు అంతర్జాతీయ ఒడంబడికలో ఈ వృక్షమును 1995లో చేర్చిరి.

ఇట్టి కర్రకు మెరుగు పెట్టుట ఓర్పుతో గూడిన పని. తడి యారిన పలకను పదునైన చిత్రికతో పలుచగా తీయవలెను. అలల నారపై మొండి పనిముట్టు నడిపినచో పెచ్చులు లేచును. పిదప గరుకునుండి నునుపునకు క్రమముగా ఉప్పు కాగితములు మార్చుచు, నార సాగిన దిక్కుననే రుద్దవలెను. అడ్డముగా రుద్దిన గీత అప్పటికి కనబడదు. నూనె తగిలిన తరువాత దాగదు. తడి గుడ్డతో ఒకమారు తుడిచి, ఆరనిచ్చి, లేచిన నూగును మరల రుద్దవలెను. అటుపిమ్మట అవిసె నూనెను పలుచగా పట్టించి, మిగిలినది తుడిచివేయవలెను. కర్ర రంధ్రములలోని గాలి స్థానమును నూనె ఆక్రమింపగా వెలుగు లోపలి వరకు చొచ్చును. చారలు నిద్ర మేల్కొన్నట్లు కనబడును. నూనె ఆరిన తరువాత లక్కను స్పిరిటులో కరగించి, గుడ్డ ఉండతో పలుచని పూతలుగా పెక్కుసార్లు అద్దవలెను. నూనె గుడ్డలను మాత్రము కుప్పగా పడవేయరాదు. అవి తమంత తామే వేడెక్కి అంటుకొనగలవు. విడివిడిగా పరచి ఆరవేయవలెను.

ఈ లక్క మనకు పరాయిది కాదు. మోదుగు, రేగు, కుసుమ చెట్ల కొమ్మలపై బ్రతుకు ఒక చిన్న పురుగు దానిని స్రవించును. దానిపై పరిశోధనలకై 1924లోనే రాంచీ చెంత ఒక సంస్థ వెలసినది. మన ఏటికొప్పాక బొమ్మలకు ఆ నిగనిగ నిచ్చునది లక్కయే.

దీనికి ఆక్షేపణలు లేకపోలేదు. లక్క పూత వేడి గిన్నెకు ఓర్వదు. నీరు నిలిచినచో తెల్లని మచ్చ పడును. ఎండకు, వానకు గురియగు వీధి తలుపునకు రంగే మేలైన రక్షణ. ఇది సత్యమే. కావున రంగు పూయవలసిన చోట రంగే పూయుదము. కాని నీడపట్టున నుండు టేకు బీరువాకు, జిట్టేగి పెట్టెకు ఆ ముసుగు అవసరమా? రోజుల పని యని కొందరందురు. ఆ మ్రాను పెరుగుటకు పట్టిన ఏండ్లతో పోల్చిన మన నాలుగు దినము లెంత?

మరియొక ముసుగు కలదు. ఇంటిలో మెరుగును చూచుకొని, దానికై ఇతరులు చెల్లించిన మూల్యమును చూడకపోవుట. కర్ర ధూళి క్యాన్సరును కలిగింపగలదని శాస్త్రజ్ఞులు నిర్ధారించిరి. థిన్నరు ఆవిరి తల తిప్పును. పనివాని ముక్కునకు ముసుగు, పని జరుగు చోట గాలి ఉండవలెను. మిగిలిన థిన్నరును మురుగు కాలువలో పోయరాదు. కాజీపల్లి ప్రజలకు ఈ మాట వేరుగా చెప్పనక్కరలేదు. కర్మాగారముల వ్యర్థజలములచే తమ చెరువు చెడుటను వారు కన్నులార చూచిరి. పటాన్‌చెరు, బొల్లారము ప్రాంతపు కాలుష్యముపై 1990లోనే సుప్రీంకోర్టున వ్యాజ్యము దాఖలైనది. అక్కడి చెరువులను పాడుచేసినది వడ్రంగి డబ్బా కాదు. అయినను చిన్న డబ్బా యని మనము ఉపేక్షింపరాదు.

విద్యార్థులారా! మీ యింట రంగు పూసిన పాత తలుపో, పెట్టెయో ఉన్నచో, దాని లోపలివైపున రంగు తగులని మూలను వెదకి చూడుడు. అచట చక్కని చారలు కనబడినచో మీ పెద్దలకు చూపుడు. తరువాతి పూత వేయించుటకు ముందు వారిని ఒక్క ప్రశ్న యడుగుడు: "ఇది మెరుగా? ముసుగా?"