పిలిచిన వారికి బాధ్యతలేనా, జవాబు ఉండదా?

2025 సెప్టెంబరు 1న అమల్లోకి వచ్చిన ఇమిగ్రేషన్, విదేశీయుల చట్టం మూడు బ్రిటిష్ కాలపు చట్టాలనూ, 2000 నాటి మరో చట్టాన్నీ రద్దుచేసింది. విదేశీయులకు బస ఇచ్చే హోటలు, ప్రవేశమిచ్చే విశ్వవిద్యాలయం, చికిత్స చేసే ఆసుపత్రి వారి వివరాలను అధికారులకు అందించాలి. హోటళ్లకు గడువు 24 గంటలే. 'ఫారం సి' పేరిట వాటికిది పాత అలవాటే. తన గడప దాటి లోపలికి ఎవరు వచ్చారో తెలుసుకోవడం ఏ రాజ్యానికైనా హక్కు. ఈ దేశం ధర్మశాల కాదని బిల్లుపై చర్చలో హోంమంత్రి అమిత్ షా అన్న మాటను ఆ మేరకు కాదనలేం.

అసలు ప్రశ్న వేరు. ఆతిథ్యమిచ్చే సంస్థ రాజ్యానికి జవాబుదారీ అయినప్పుడు, రాజ్యం ఆ సంస్థకు ఏ మేరకు జవాబుదారీ?

2022 మార్చిలో, కేరళ సమాజంపై దశాబ్దాలుగా పరిశోధిస్తున్న ఫిలిప్పో ఓసెల్లాను తిరువనంతపురం విమానాశ్రయం నుంచే వెనక్కి పంపారు. ఆయన అక్కడికి వచ్చింది ఒక విద్యాసదస్సు కోసం. 2024 ఫిబ్రవరిలో బెంగళూరులో నితాషా కౌల్‌కూ ఇదే అనుభవం. ఆమెను రాజ్యాంగ సదస్సుకు ఆహ్వానించింది సాక్షాత్తూ కర్ణాటక ప్రభుత్వం. తగిన కారణం చెప్పలేదన్నదే ఇద్దరి ఫిర్యాదు. ఒక రాష్ట్ర ప్రభుత్వ ఆహ్వానానికే దిక్కులేనప్పుడు, ఒక జిల్లా కళాశాల పంపే ఆహ్వానానికి విలువెంత?

కొత్త చట్టం ఈ లోపాన్ని సరిదిద్దలేదు. పైగా ప్రవేశం విషయంలో ఇమిగ్రేషన్ అధికారి నిర్ణయమే అంతిమమని రాసుకుంది. హైకోర్టుకు వెళ్లవచ్చు, నిజమే. కానీ కారణమే లేని ఆదేశంలో దేనిని సవాలు చేయాలి? కేసు విచారణకు వచ్చేసరికి సదస్సు ముగిసిపోతుంది.

బ్రిటన్‌లో స్పాన్సర్ సంస్థలపై నిఘా మనకంటే కఠినం. 2012లో లండన్ మెట్రోపాలిటన్ విశ్వవిద్యాలయం విదేశీ విద్యార్థులను చేర్చుకునే లైసెన్సునే కోల్పోయింది. అయితే అది కోర్టుకెక్కగా, అప్పటికే చదువుతున్న అర్హులైన విద్యార్థులకు తాత్కాలిక ఊరట లభించింది. లైసెన్సును సస్పెండ్ చేస్తే కారణాలు తెలిపి, జవాబుకు 20 పనిదినాలు ఇవ్వడం అక్కడి పద్ధతి. భారం మోపినచోట వాదన వినిపించుకునే అవకాశమూ ఉంది.

మన దగ్గర భారం ఉంది, విచారణ లేదు. ఫలితం ఊహించదగినదే: ఇబ్బందికర అభిప్రాయాలున్న వారిని సంస్థలు పిలవడమే మానేస్తాయి. నిషేధం ప్రకటించనక్కరలేకుండానే నిషేధం అమలవుతుంది.

భద్రతా రహస్యాలు బయటపెట్టమని ఎవరూ అడగడం లేదు. వాటిని ఒక స్వతంత్ర సమీక్షా సంఘం ముందు సీల్డ్ కవరులో ఉంచవచ్చు. అతిథి వివరాలకు 24 గంటల గడువు విధించిన ప్రభుత్వం, అతిథిని తిప్పిపంపినప్పుడు పిలిచిన వారికి కారణం చెప్పడానికి తనకూ ఒక గడువు విధించుకోవాలి.