కాలేజీ గేటు ముందు నూరు గజాలు

ఈ వారం వంటల సంగతి కాస్త పక్కన పెట్టి, మీ అబ్బాయి చొక్కా వాసన గురించి మాట్లాడుకుందాం. నవ్వకండి. మాసిన బట్టలు విడదీసేటప్పుడు మనకి తెలిసే సంగతులు ఇంట్లో ఇంకెవరికి తెలుస్తాయి చెప్పండి!

మా చెల్లెలు శంషాబాద్‌లో ఉంటుంది. దాని కొడుకు ఆ దగ్గర్లోనే ఇంజినీరింగ్ మొదటి సంవత్సరం. నెల రోజులుగా జేబులో సోంపు పొట్లాలు, చొక్కాకి పొగ వాసన. అడిగితే "బస్సులో పక్కాయన కాల్చాడమ్మా" అన్నాడట. ఆ పక్కాయనెవరో గానీ రోజూ అదే బస్సెక్కుతున్నాడు పాపం! ఇది ఏడ్చింది, సంచీ వెతికింది, నాన్నకి చెబుతానని బెదిరించింది. ఆ నాన్నగారు, అంటే మా మరిది, రోజూ భోజనమయ్యాక వరండాలో ఒకటి కాల్చుకునే మనిషే. పిల్లాడు మారలేదు సరికదా, ఇంటికి ఆలస్యంగా రావడం నేర్చుకున్నాడు.

ఓ రోజు ఇద్దరం ఆ కాలేజీకి వెళ్లాం. గేటుకి ఎదురుగా పాన్‌డబ్బా. విడి సిగరెట్లు, పైనుంచి వేలాడే పొట్లాల దండలు, చుట్టూ పుస్తకాల సంచులతో పిల్లలు. గేటు దగ్గర్నుంచి అడుగులు లెక్కపెట్టాను. నలభై కూడా రాలేదు.

2003లో వచ్చిన పొగాకు చట్టం ఏమంటుందో తెలుసా? ఏ విద్యాసంస్థకైనా నూరు గజాల లోపల పొగాకు సరుకు అమ్మకూడదు. పద్దెనిమిదేళ్లు నిండని వాళ్లకి ఎక్కడా అమ్మకూడదు. చిత్రమేమిటంటే, అదే చట్టం విమానాశ్రయంలో పొగ తాగేవాళ్ల కోసం విడిగా గది పెట్టుకోనిచ్చింది. కాలేజీకి మాత్రం ఆ వెసులుబాటు లేదు. 2008లో మొదలైన మన శంషాబాద్ విమానాశ్రయంలో తనిఖీ దగ్గర లైటరు తీసేసుకుంటే ఎంత పెద్దమనిషైనా నోరెత్తడు. కాలేజీ గేటు దగ్గర అడిగే నాథుడేడీ?

"మావాడికి పద్దెనిమిది దాటాయి, ఇంక ఎవరేం చేస్తారు" అనుకుంటున్నారా? అక్కడే ఉంది తిరకాసు. 2016-17లో దేశమంతటా జరిగిన సర్వే ప్రకారం పొగాకు మొదలుపెట్టే సగటు వయసు 18.9 ఏళ్లు. అంటే అమ్మకూడదన్న అడ్డు తొలగిన ఏడాదికే అలవాటు పట్టుకుంటోంది. అప్పుడు వాళ్లుండేది మన కళ్లెదుట కాదు, కాలేజీలో. అందుకే సంచీ వెతకడం మాని కాలేజీని అడగమంటున్నాను.

ఏమడగాలంటారా? 2019లో కేంద్ర ఆరోగ్యశాఖ విద్యాసంస్థలకి మార్గదర్శకాలిచ్చింది. ప్రహరీ నుంచి నూరు గజాల దూరంలో పసుపు గీత గీయాలి. పొగాకు నిషేధమని లోపలా, గేటు దగ్గరా బోర్డులుండాలి. ఈ పని చూసేందుకు ఒకరిని నియమించి ఆ పేరు బోర్డు మీద రాయాలి. నియమావళిలోనూ చేర్చాలి. ఇవన్నీ పిల్లలకే కాదు, మాస్టార్లకీ, గుమాస్తాలకీ, ఫీజు కట్టడానికొచ్చే మనవాళ్లకీ కూడా. "రోడ్డు మా చేతిలో లేదమ్మా" అంటారేమో, పోలీసులకి ఉత్తరం రాయడం వాళ్ల చేతిలోనే ఉందిగా! ఇక లోపల ఎవరైనా కాలిస్తే 200 రూపాయల దాకా జరిమానా వేసే అధికారం 2008 నిబంధనలు ప్రిన్సిపాల్‌కే ఇచ్చాయి.

అన్నట్టు, ఆ డబ్బా నడిపేది కూడా ఓ ఆడమనిషే. కదిలిస్తే, "నేను అమ్మకుంటే పక్కోడు అమ్ముతడు గదమ్మా, నా పిల్లల ఫీజులెట్ల?" అంది. నాకు నోట మాట రాలేదు. టీ, సమోసా, అరటిపళ్లు అమ్ముకోవద్దని ఎవరూ అనడం లేదు. కానీ ఆమె ఒక్కతే మానేస్తే ఆమెకే నష్టం. గీత పడితే అందరికీ ఒకటే లెక్క.

ఇక ఇంట్లో. పిల్లాడు మానతానంటే మొదటి రెండు మూడు వారాలు చిరాకు పడతాడు, అన్నం దగ్గర విసుక్కుంటాడు. పట్టించుకోకండి. పొగ మీదికి మనసు పోయేది కొద్ది నిమిషాలే. ఆ కాస్తసేపు నోట్లో వేసుకోవడానికి ఉసిరి వరుగో, లవంగమో చిన్న డబ్బాలో పోసివ్వండి. 1800-11-2356కి ఫోన్ చేస్తే మానే దారి చెబుతారు, ఉచితం. వరండా కచేరీ మాత్రం ముందు ఆగాలి. మా మరిదికి ఆ మాట నేనే చెప్పాను. ముఖం ముడుచుకున్నాడు, కానీ ఇప్పుడు ఓ లవంగం ఆయన జేబులోకీ వెళ్తోంది.

ప్రిన్సిపాల్ గారు మా అర్జీ తీసుకుని "చూద్దాం" అన్నారు. గీత ఇంకా పడలేదు. వచ్చే నెల తల్లిదండ్రుల సమావేశానికి ఇద్దరం కాదు, పన్నెండు మంది తల్లులం వెళ్తున్నాం. గజాలు కొలిచే టేపు నేను పట్టుకెళ్తున్నాను.